ఇంటి కంప్యూటరునకు వేసవి తాపము

తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణము విడిచి హైదరాబాదునకు తరలివచ్చుట ఒక్కనాటి పని కాదు. 1970ల మధ్యకాలమున అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్సు రాళ్ళగుట్టలమీద అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. పిదప జూబిలీహిల్సు, దానినానుకొని ఫిల్మ్‌నగరు చిత్రపరిశ్రమకు నెలవులైనవి. ఈ పేర్లు విన్నంతనే తారల భవనములు, స్టూడియోల ద్వారములు మన మనస్సునకు వచ్చును. కాని అదే కొండవాలున, ఇరుకు సందులలో, రేకులకప్పు గదులలో, పై అంతస్తు అద్దెవాటాలలో నివసించుచు చిత్రములకు కూర్పు చేయువారు, శబ్దమును సరిదిద్దువారు, తెరపై కనబడు మాయలను బొమ్మబొమ్మగా తీర్చువారు ఎందరో కలరు. అట్టివాని గదిలో ఒక మంచము, ఒక నీళ్ళకుండ, ఒక కంప్యూటరు, ఇంతే ఆస్తి. ఆ కంప్యూటరు మే నెలలో నడిరేయి ఆగిపోయినచో ఆ యింట పొయ్యి వెలుగుటయే కష్టమగును. అట్టి యింటికి పనికివచ్చు నాలుగు మాటలు చెప్పుటకే ఈ ప్రసంగము. సినిమాతో సంబంధము లేక, పిల్లల చదువునకై కంప్యూటరు కొనిన గృహస్థులకును ఇవే మాటలు వర్తించును.

ముందుగా ఆ యంత్రమునకు మనము పెట్టు చాకిరి ఎట్టిదో చూడుడు. వెండితెరపై సెకండునకు 24 బొమ్మలు కదలును, నిమిషమునకు 1440. ఒక్కొక్క బొమ్మను లెక్కగట్టి రూపొందించుటకు కంప్యూటరునకు 5 నిమిషములు పట్టునని అనుకొందము. అప్పుడు తెరమీది ఒక్క నిమిషమునకు 7200 నిమిషములు, అనగా ఐదు పగళ్ళు, ఐదు రాత్రులు, ఎడతెగని పని. 2012లో విడుదలయైన ‘ఈగ’ చిత్రములోని ఈగ ఇట్లు కంప్యూటరులో ప్రాణము పోసికొన్నదే. అంతటి చిత్రములకు చల్లబరచిన శాలలలో వరుసలుగా నిలిపిన యంత్రములుండును. చిన్న చిత్రమునకు ఆ భాగ్యము లేదు. దాని పని ఇంటిలోని ఒంటరి యంత్రముపై పడును. మూడవరాత్రి అది ఆగినచో శుక్రవారపు విడుదల తలక్రిందులగును.

వేడిమితో పోరాటము సినిమాకు గాని రేడియోకు గాని క్రొత్త కాదు. కర్బనపు కడ్డీల నడుమ మంట పుట్టించి వెలుగునిచ్చు ఆర్కుదీపముల క్రింద నటించిన వారి ముఖమున రంగు కారిపోయెడిది. 1950 ప్రాంతమువరకు వాడుకలోనుండిన నైట్రేటు ఫిల్ము ప్రొజెక్టరులో చిక్కుకొని నిలిచినచో భగ్గున అంటుకొనెడిది. ఇక వాల్వుల రేడియో ఇంట ఉండిన పెద్దలకు నేను చెప్పవలసినదేమున్నది? దాని వీపున చిల్లుల అట్ట ఉండెడిది. ఆ చిల్లులు అలంకారమునకు కావు. వాల్వుల వేడి పోవుటకు. మన యిండ్లలో ఆడపడుచులు ముచ్చటపడి కుట్టిన గుడ్డ ముసుగును ఆ చిల్లులమీదుగా కప్పెడివారు. ఆ అలవాటు మనలను నేటికిని విడువలేదు. టెలివిజనుకు, అటుపిమ్మట కంప్యూటరుకు అదే ముసుగు సంక్రమించినది. ముసుగు దుమ్మునుండి కాపాడును గనుక దానిని నిషేధింప నక్కరలేదు. యంత్రము ఆపి, చల్లారిన తరువాత కప్పవలెను. మీట నొక్కుటకు ముందు తీయవలెను.

కంప్యూటరు వంశమే ఉష్ణప్రకృతి గలది. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. అది దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును భక్షించెడిది. నేటి ఇంటి కంప్యూటరు దానికన్న ఎన్నో మడుగులు వేగము గలదైనను గట్టిగా పనిచేయునపుడు రెండుమూడు వందల వాట్లు తీసికొనును. పెద్ద గ్రాఫిక్సు కార్డు గలదైనచో అంతకు మించి కూడ తీసికొనవచ్చును. ఈ విద్యుత్తంతయు ఏమగుచున్నది? కంప్యూటరు బరువులు మోయదు, నీరు తోడదు. అది తీసికొనిన శక్తి దాదాపు పూర్తిగా వేడిమియై గదిలోనికే వచ్చును. మూడు వందల వాట్ల యంత్రము నడచుచున్న గదిలో నూరేసి వాట్ల పాత బల్బులు మూడు రేయింబవళ్ళు వెలుగుచున్నట్లే లెక్క.

కావున వేడి పుట్టుట రోగము కాదు. పుట్టిన వేడి బయటికి పోలేకుండుట రోగము. ఆ వేడిమి పోవు దారిని ఒక్కమారు కన్నులకు కట్టించుకొనుడు. గోరంత వైశాల్యము గల ప్రాసెసరు చిప్పులో పుట్టి, దానిపై పూసిన థర్మల్ పేస్టు అను లేపనము ద్వారా లోహపు రెక్కల దిమ్మెలోనికి ఎక్కును. ఆ రెక్కలమీదుగా ఫ్యాను వీచు గాలిలోనికి, గాలినుండి పెట్టె వెనుక ద్వారమునకు, అక్కడనుండి గదిలోనికి, గది కిటికీనుండి ఆకాశమునకు పోవును. ఈ దారిలో ఎచ్చట గండి పూడినను వెనుకనున్నదంతయు కాగును. మరమ్మతు చేయుట యనగా ఈ దారివెంట నడచి ఎచ్చట అడ్డుపడినదో కనుగొనుటయే.

ఇంకొక సంగతి కూడ గ్రహింపవలెను. వేడిమి ఎక్కువనుండి తక్కువకు పోవును. ఎంత తేడా యున్న అంత చురుకుగా పోవును. గదిలో 25 డిగ్రీలున్న శీతకాలమున ఒక పని చేయుచు చిప్పు 75 డిగ్రీలవద్ద నిలిచినదనుకొనుడు. తేడా 50. ఫ్యాను వేగము మారక, పని మారక, గది మాత్రము 40 డిగ్రీలైనచో అదే తేడా నిలుచుటకు చిప్పు 90 డిగ్రీలకు పోక తప్పదు. యంత్రములో ఏ దోషము లేకున్నను గది పెంచిన పదునైదు డిగ్రీలను యంత్రము మోసినది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీలు వింత కాదు. రేకుల క్రింద అంతకు మించును. నేటి ప్రాసెసర్లు చాలవరకు 95, 100 డిగ్రీల సమీపమునకు వచ్చినంతనే ప్రాణరక్షణకై తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని చల్లారకున్న ఠక్కున ఆగిపోవును. ఉదయము పరుగెత్తిన కంప్యూటరు మధ్యాహ్నము మూడు గంటలకు ఈడ్చుకొనుచు నడచినచో మన యిండ్లలో వెంటనే వైరసు పట్టినదందురు. పెక్కు సందర్భములలో పట్టినది వైరసు కాదు, ఎండ.

లక్షణములనుబట్టి నిదానము చేయుట మన వైద్యులకు తెలిసిన విద్యయే. ఇచ్చటను అది పనికివచ్చును. యంత్రము చల్లగా నుండగా మీట నొక్కిన రెండుమూడు నిమిషములకే ఆగిపోయినచో లోహపు దిమ్మె చిప్పునకు సరిగా ఆనుట లేదనియో, దాని ఫ్యాను తిరుగుట లేదనియో అనుమానింపవలెను. గంట రెండు గంటలు బాగుగా నడచి పిదప ఆగినచో దుమ్మును, గదిని అనుమానింపవలెను. పని ఏమియు లేకున్నను ఫ్యాను రొద పెట్టుచున్నచో తెర వెనుక ఏదో ప్రోగ్రాము ప్రాసెసరును తినుచున్నదని అర్థము. ఉష్ణోగ్రత చూపు ప్రోగ్రాములు ఉచితముగనే దొరకును. అవి లేకున్నను, యంత్రము మేల్కొను క్షణమున డెలీట్ మీటనో, ఎఫ్‌2 మీటనో నొక్కినచో కనబడు బయాస్ తెరమీద పెక్కు యంత్రములలో ప్రాసెసరు ఉష్ణోగ్రత వ్రాసియుండును. భారమైన పని నడచుచుండగా ప్రోగ్రాము చూపు అంకె 50, 60 డిగ్రీల వద్దనే యున్నను యంత్రము ఆగిపోవుచున్నచో దోషము ప్రాసెసరు వేడిమిలో లేదు. విద్యుత్తునందించు పెట్టెలోనో, సాయంకాలపు తగ్గు వోల్టేజిలోనో వెదుకవలెను. వేడి అని వినినంతనే అన్నిటికిని వేడియే కారణమనుకొనుట తగదు.

ఫిల్మ్‌నగరులో కూర్పరికి సహాయకుడుగా పనిచేయు ఒక యువకుని గదిలో నేను చూచిన యంత్రము సంగతి చెప్పెదను. రాత్రి పది గంటలకు పని కెక్కించినచో పన్నెండు దాటకుండ ఆగెడిది. దుకాణమువారు చూచి, యంత్రము పాతబడినది, క్రొత్తది కొనుమనిరి. క్రొత్తదనగా అతనికి ఆరునెలల జీతము. ఆ గదిలో కంప్యూటరు పెట్టె బల్లక్రింది చెక్క అరలో నున్నది, అరకు తలుపు, తలుపు మూసియున్నది. పెట్టె వెనుకనుండి వచ్చిన వేడిగాలి అరలోనే తిరిగి ముందునుండి మరల లోనికే పోవుచున్నది. తన ఊపిరినే తాను పీల్చుకొనువాడు ఎంతసేపు బ్రతుకును? పెట్టె ప్రక్కపలక విప్పగా రెక్కల నడుమ బూడిదరంగు దుప్పటివలె దుమ్ము పేరుకొనియున్నది. అది పొడి దుమ్ము కాదు. ఒక మూల పూజాపీఠము, ఇంకొక మూల వంట. సాంబ్రాణి పొగయు, పోపు ఆవిరియు కలిసి దుమ్మును జిగురుచేసినవి. పైగా చుట్టుప్రక్కల భవనములకై బండ తొలుచుచున్న చోటులనుండి వచ్చిన రాతిపొడి. పెట్టెను అరనుండి వెలికి తీసి బల్లప్రక్క జానెడెత్తు పీటపై నుంచి, దుమ్ము తీసి, లేపనము మార్చితిమి. లేపనమునకైన ఖర్చు కొన్ని వందల రూపాయలు. ఆ రాత్రి యంత్రము తెల్లవారువరకు ఆగలేదు. యంత్రము ముదుసలియే, నేనును కాదనను. కాని దానికి వచ్చినది ముసలితనపు జబ్బు కాదు.

దుమ్ము తీయు విధము గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయన ఇచ్చటనే మేలు చేయబోయి కీడు తెచ్చుకొనువారు కలరు. ముందు యంత్రము ఆపి, గోడనుండి తీగ ఊడదీయవలెను. పెట్టె ఇనుపభాగమును చేతితో తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. వరండాలోనికి తెచ్చి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము రాల్చవలెను. పిదప గాలి కొట్టవలెను. గాలి కొట్టునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొనవలెను. లేనిచో అది అతివేగమున గిరగిర తిరిగి ఇరుసు చెడవచ్చును, చిన్న డైనమోవలె విద్యుత్తును పుట్టించి మదరుబోర్డును బాధింపవచ్చును. నోటితో ఊదరాదు, తడి పోవును. తడిగుడ్డ అసలే తగదు. ఇంటిలో నేల ఊడ్చు వాక్యూమ్ గొట్టమును బోర్డునకు తాకించుటయు మంచిది కాదు. విద్యుత్తునందించు పెట్టెను మాత్రము విప్పవద్దు. తీగ ఊడదీసిన తరువాత కూడ దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండగలదు.

లేపనము మాట. లోహము నునుపుగా కనబడినను సూక్ష్మదర్శినిలో చూచినచో గుట్టలు, పల్లములు. ఆ పల్లములలో గాలి చిక్కుకొనును. గాలి వేడిమికి మంచి వాహకము కాదు. లేపనము ఆ గాలిని తరిమి పల్లములను నింపును. సంవత్సరములు గడచినకొలది అది ఎండి బీటలు వారవచ్చును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరిన తరువాత బఠాణిగింజంత క్రొత్తది చిప్పు నడుమ నుంచి దిమ్మెను సమముగా బిగించిన చాలును. ప్రీతి ఎక్కువై గోధుమరొట్టెకు నేయి రాచినట్లు దట్టముగా పూసినచో లాభము లేకపోగా నష్టము. చేతికి అలవాటు లేనివారు ఈ ఒక్క పనిని మరమ్మతు తెలిసినవానిచేత చేయించుకొనుట ఉచితము. ఇంటియజమాని ముందుగా చేయదగిన పరీక్ష మరొకటి కలదు. పెట్టె ప్రక్కపలకను తీసి, అదే పనిని అరగంట చేయించి అంకె చూడుడు. పది డిగ్రీలు తగ్గినదా, దోషము పెట్టెలోని గాలి రాకపోకలలో నున్నది. ఏమియు మారలేదా, ఫ్యాను, దిమ్మె, లేపనము, వీనివైపు చూడవలెను. ఈ పరీక్ష చేసి వెళ్ళినవానిని దుకాణమువారు సులభముగా త్రిప్పి పంపలేరు.

లాప్‌టాపు గలవారి పాపము వేరు. దాని నాసికారంధ్రములు చాలవరకు అడుగున నుండును. పరుపుమీద, దూదిదుప్పటిమీద, ఒడిలో పెట్టుకొని పనిచేసినచో ఆ రంధ్రములు మూసికొనిపోవును. దానికి ఎత్తుపీటయో, నున్నని చెక్కయో ఆసనము. వెనుకవైపు రెండు పుస్తకములు దూరదూరముగా నుంచి అంగుళమంత ఎత్తినను గాలి ఆడును. పుస్తకములు రంధ్రముల క్రింద పడకుండ చూచుకొనవలెను. సరస్వతి కూడ గాలికి అడ్డముగా నిలువరాదు.

ఇక గది. ఇది యంత్రములో భాగము కాదని అందరును అనుకొందురు. పైన చెప్పిన పదునైదు డిగ్రీల లెక్క మరువకుడు. ఏసీ గలవారికి చిక్కు లేదు. లేనివారికి ఏసీ పెట్టించుకొనుమని చెప్పుట సలహా కాదు, పరిహాసము. తలుపు, కిటికీ ఎదురెదురుగా తెరచి, ఫ్యాను నొకదానిని కిటికీలో బయటివైపునకు త్రిప్పి వేడిగాలిని వెడలగొట్టుట చౌకయైన మార్గము. ఎండకాలము పొడిగా నుండు హైదరాబాదులో వట్టివేళ్ళ కూలరు బాగుగా పనిచేయును. కాని దానిని కంప్యూటరు ముఖమునకు ఎదురుగా పెట్టరాదు; తుంపురులు పడును. కిటికీ మూసి కూలరు నడిపినచో గదిలో చెమ్మ పెరిగి కూలరే పనిచేయుట మానును. ఇంటికప్పుపై సున్నమో, తెల్లరంగో వేసినచో ఎండ తిరిగిపోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమునొకదానిని ప్రకటించుటకు కారణమిదే. మన తాతలు మిద్దెమీద సున్నము వేసికొన్నపుడు ఏ విధానపత్రమును చదువలేదు.

రాత్రి చల్లగా నుండునని పది గంటలకే పెద్దపని ప్రారంభించుట కూడ సరికాదు. కాంక్రీటు కప్పు, కొండరాయి పగటి ఎండను దాచుకొని నడిరేయివరకు గదిలోనికి విడుచుచుండును. తెల్లవారుజామే గదికి నిజమైన చల్లని వేళ. తేలికపనులను ముందు నడిపి, భారమైన దృశ్యములను ఆ వేళకు పడునట్లు వరుస నేర్పరచుట నేర్చినవాడు గడువును తప్పడు. అత్యవసరమైనచో ఇంకొక ఉపాయము కలదు. విండోసు యంత్రములలో విద్యుత్తు నియమముల పట్టికయందు ప్రాసెసరు గరిష్ఠస్థితిని 100 శాతమునుండి 99 శాతమునకు దించినచో, పెక్కింటిలో టర్బో అను అదనపు వేగము ఆగి వేడి గణనీయముగా తగ్గును. పని కొంత ఆలస్యమగును. నడుమ రెండుమార్లు ఆగి మొదటికి వచ్చుటకన్న ఆ ఆలస్యము మేలు.

ఇంటిలోనే గొంతు రికార్డు చేయువారి కష్టము విచిత్రమైనది. శబ్దము రాకుండ తలుపులు మూసి, గోడలకు దట్టమైన తెరలు కట్టి, ఫ్యాను, ఏసీ ఆపుదురు. వేడి పోవు దారులన్నియు చేజేతుల మూసినట్లే. కంప్యూటరు కాగి తన ఫ్యానును హోరెత్తించును. ఆ హోరు మైకులో పడును. పెట్టెను ప్రక్కగదిలో నుంచి, తీగలను మాత్రము గోడరంధ్రమునుండి తెచ్చుకొనుట ఒక్కటే దీనికి శాశ్వతపు విరుగుడు. వీలులేనివారు పావుగంట రికార్డు చేసి ఐదు నిమిషములు తలుపు తెరచుట మంచిది.

ఇంతవరకు చెప్పినది ధననష్టము, కాలనష్టము. ప్రాణమునకు సంబంధించినది ఒకటి కలదు. లాప్‌టాపులోని లిథియము బ్యాటరీ వేడిని సహింపలేదు. అడుగుపలక ఉబ్బి బల్లపై యంత్రము ఊగులాడుచున్నను, వ్రేలితో త్రిప్పు పలక పైకి లేచినను, తియ్యని రసాయనపు వాసన వచ్చినను బ్యాటరీ ఉబ్బినదని తెలియవలెను. వెంటనే చార్జింగు ఆపవలెను. దానిని నొక్కరాదు, పొడువరాదు, చెత్తబుట్టలో వేయరాదు. మంట అంటుకొను వస్తువులకు దూరముగా నుంచి, బ్యాటరీలను స్వీకరించు సేవాకేంద్రమునకు అప్పగింపవలెను. గడువు ముంచుకొనివచ్చినదని ఆ ఒక్కరాత్రికి ఓర్చుకొనుట తగదు. గదిలో నిదురించునది పనివాడొక్కడే కాదు. పసిపిల్లలు కూడ ఉందురు.

చివరగా ఒక చిన్న పని. పెట్టెమీద ఒక కాగితము అంటించి, జనవరిలో ఒకనాటి మధ్యాహ్నము ఏదైన ఒక పనిని అరగంట చేయించి చిప్పు ఉష్ణోగ్రతను, గది ఉష్ణోగ్రతను తేదీతో వ్రాసియుంచుడు. దుమ్ము తీసిన తేదీని కూడ దానిక్రింద వ్రాయుడు. మే నెలలో అదే పని మరల చేయించి చూడుడు. గది పది డిగ్రీలు పెరిగి, చిప్పు కూడ పది డిగ్రీలే పెరిగినదా, కిటికీ సంగతి చూచుకొనుడు. గది పది పెరుగగా చిప్పు ఇరువది పెరిగినచో, కుంచె తీసికొని వరండాలోనికి నడువవలసినదే.